కుడిచేతి వైపు కొండ

ప్రదక్షిణలో దేవుడు కుడిచేతి వైపు ఉండాలి. రోడ్డు మీద బండి ఎడమచేతి వైపు నడవాలి. విడివిడిగా చూస్తే రెండూ మంచి నియమాలే. రెండూ పాటిస్తూ నల్లమల చుట్టూ సైకిలు మీద తిరగబోతే మాత్రం మనకూ కొండకూ నడుమ ఎప్పుడూ ఒక లారీ ఉంటుంది. నెల రోజులు మ్యాపు ముందు కూచుని, ఊరికీ ఊరికీ మధ్య దూరాలు పెన్సిలుతో రాసుకున్నవాణ్ణి, ఈ చిన్న సంగతి అలంపురం చౌరస్తాలో జాతీయ రహదారి ఎక్కాక గానీ నాకు తట్టలేదు. ఎదురు దిక్కున తిరిగి ఉంటే కొండ నా పక్కనే ఉండేది, హాయిగా చూసుకుంటూ పోయేవాణ్ణి. కానీ ఒకసారి ప్రదక్షిణకని తిప్పిన హ్యాండిలును వెనక్కి తిప్పడానికి మనసొప్పలేదు. నాకున్న భక్తి అంతంతమాత్రం. భయం మాత్రం పెద్దల నుంచి వచ్చిన ఆస్తి.

నల్లమల నడుమ ఉన్న శ్రీశైలానికి నాలుగు ద్వారాలని చెబుతారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. మూలలకు ఉపద్వారాలు మరో నాలుగు: ఏలేశ్వరం, సోమశిల, పుష్పగిరి, సంగమేశ్వరం. కొల్లాపురం దగ్గర కృష్ణ ఒడ్డున ఒక సోమశిల ఉంది, నేను చాలాకాలం ఆ సోమశిలే అనుకున్నాను. ఆగ్నేయానికి లెక్క కుదరాలంటే నెల్లూరు జిల్లాలో పెన్న ఒడ్డున ఉన్న సోమశిల కావాలి. చిన్నప్పుడు ఈ పేర్లు వింటుంటే, ఒక్కో ఊళ్ళో ఒక్కో పెద్ద తలుపు, దానికి ఇత్తడి బొడిపెలు, పక్కన ఒక కాపలావాడు ఉంటారని ఊహించుకునేవాణ్ణి. ఇప్పుడు హైదరాబాదు నుంచో కర్నూలు నుంచో బస్సెక్కితే ఒక్క పూటలో స్వామి ముందు దిగుతాం. ద్వారాలు ఎవరికీ అడ్డురావు, ఎవరికీ గుర్తురావు. కాలినడకన వచ్చిన రోజుల్లో వాటికి ఏదో పని ఉండే ఉంటుంది. ఆ పనేమిటో చూడాలంటే నడక వేగానికి దగ్గరగా ఉండే బండి కావాలి.

సైకిలు స్టీలు ఫ్రేముది, గేర్లున్నది. వెనక క్యారియరుకు అటూ ఇటూ రెండు సంచులు. వాటిలో రెండు జతల బట్టలు, రెండు ట్యూబులు, పంపు, పానలు, అటుకులు, బెల్లం, వేయించిన పల్లీలు. కనుమ దాటిన మూడో నాడు బయల్దేరి పన్నెండు రోజుల్లో తిరిగి రావాలని లెక్క. మొత్తం 900 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ.

అలంపురంలో నవబ్రహ్మ ఆలయాలని పేరే గానీ తొమ్మిదీ శివాలయాలే. బాదామి చాళుక్యుల కాలం నాటివి, ఏడు ఎనిమిది శతాబ్దాలవి. ఆ శిల్పం గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు ఎక్కువసేపు చూడాలనిపించింది ఊరికి కట్టిన గోడ. శ్రీశైలం జలాశయం నిండితే తుంగభద్ర వెనక్కి ఎగదన్ని ఊళ్ళోకి వస్తుందని కట్టిన అడ్డుకట్ట అది. కూడవెల్లి సంగమేశ్వరాలయం అయితే మునకకు ముందే రాయి రాయి విప్పుకుని ఇక్కడికి వచ్చి మళ్ళీ నిలబడింది. పాపనాశం గుళ్ళూ అలా వచ్చినవే. ఇన్ని చేసినా 2009 అక్టోబరు మొదటి వారంలో వరద కర్నూలునూ అలంపురాన్నీ కలిపి ముంచింది. ప్రయాణం మొదలుపెట్టిన చోట నీళ్ళంటే భయపడే ఊరొకటి ఉందని మనసులో రాసుకున్నాను. ఈ మాట తరవాత పనికొస్తుందని అప్పుడు తెలీదు.

బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటి, పెబ్బేరు దగ్గర పెద్ద రోడ్డు వదిలేశాక లారీల మోత తగ్గింది. గాలి మొదలైంది. ఈ నెలలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుందని తెలుసు. నేను పోతున్నదీ ఈశాన్యానికే. ఎదురుగాలి సైకిలు తొక్కేవాడికి మాత్రమే అర్థమయ్యే అవమానం. ఎత్తు ఎక్కితే దిగేటప్పుడు వడ్డీతో సహా తిరిగి వస్తుంది, గాలికి పెట్టిన ఖర్చు ఎక్కడా జమ కాదు. కొల్లాపురం తోటల్లో మామిడి పూత నిండుగా ఉంది. ఆ వాసన మైళ్ళకొద్దీ నా ముక్కుకు మోసుకొచ్చింది కూడా ఆ గాలేనని ఒప్పుకోవాలి.

కొల్లాపురం నుంచి లింగాల మీదుగా అచ్చంపేటకు వెళ్ళే దారిలో కొండ మొదటిసారి నిజంగా కనిపించింది. ఒక శిఖరం, ఒక ఆకారం ఉండే కొండ కాదిది. కుడివైపు అంతటా పైన సమంగా కోసినట్టున్న నల్లటి గీత. పన్నెండు రోజులూ ఆ గీతే. ఒక్కోచోట దగ్గరికొచ్చి అడవి అవుతుంది, ఒక్కోచోట దూరం జరిగి మబ్బులా మారుతుంది.

ఉమామహేశ్వరం అచ్చంపేటకు దగ్గర్లో, రంగాపురం దాటాక కొండ నడుం మీద ఉంటుంది. ఘాటు రోడ్డు చిన్నదే గానీ నిలువుగా ఉంది. రెండు మలుపులు తొక్కి, మూడో మలుపు నుంచి సైకిలును ఎద్దును తోలినట్టు తోసుకుంటూ పోయాను. పైన, పెద్ద బండ ఒకటి చూరులా ముందుకొచ్చి ఉంటే దాని నీడన గుడి. బండ పగుళ్ళలోంచి నీళ్ళు కారుతుంటాయి. వానాకాలం పోయి మూడు నెలలైంది, ఆకులు రాలుతున్నాయి, అయినా చుక్క చుక్కా పడుతూనే ఉంది. పాపనాశనం అని పిలిచే అక్కడి ఊటలో దోసిలి పట్టి తాగాను. మూడు లీటర్ల నీళ్ళు వీపున మోస్తూ రెండు రోజులుగా ఎండలో తిరిగినవాడికి ఆ నీళ్ళు ఎట్లా ఉంటాయో రాయను. ఇక్కణ్ణుంచి దక్షిణానికి నడిస్తే అమ్రాబాదు అడవి, ఆ తరవాత కృష్ణ లోయ. పాతకాలపు యాత్రికుడు తన బుర్ర నింపుకోవాల్సిన చోటు ఇది. బుర్రంటే తల కాదు, సొరకాయ బుర్ర. ద్వారమంటే తలుపు కాదేమో, లోపలికి పోయేముందు నీళ్ళు దొరికే నమ్మకమైన చోటేమో అని అక్కడ మెట్ల మీద కూచుని అనుకున్నాను. నా ఊహే. స్థలపురాణాలు ఇంతకంటే గొప్ప కారణాలు చెబుతాయి.

కింద టీ కొట్టులో నన్ను చూసి ఒకాయన బెంచీ మీద జరిగి చోటిచ్చాడు.

"యాడికెళ్ళి వస్తున్నవ్ సార్?"

"అలంపురం నుంచి."

"ఇగ శ్రీశైలమేనా?"

"కాదు, చుట్టూ తిరుగుతున్నా." ఒలికిన టీలో వేలు ముంచి బల్ల మీద గుండ్రంగా గీశాను.

ఆయన ఆ గుండ్రాన్ని కాసేపు చూశాడు. "మరి లోపలికి పోవా?"

"ఈసారికి పోను."

"గట్లెట్ల సార్? ఇంటి సుట్టు తిరిగి ఇంట్లకు రాకుంట పోయినట్టుంది."

జవాబు లేదు. ఇదే ప్రశ్నను ఈ పన్నెండు రోజుల్లో మూడు యాసల్లో విన్నాను. మాట సొరంగం మీదికి మళ్ళింది. శ్రీశైలం నీళ్ళను కొండ కింది నుంచి నల్లగొండ ఫ్లోరైడు నేలలకు తేవడానికి తవ్వుతున్న సొరంగం అది, పొడవు దాదాపు 44 కిలోమీటర్లు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు కప్పు కూలి ఎనిమిది మంది లోపలే ఉండిపోయారు. ఆ రోజుల్లో అంబులెన్సులు, టీవీ బండ్లు ఈ రోడ్డు మీదే పోయాయని ఆయన చెప్పాడు. ఇంకేమీ చెప్పలేదు. గ్లాసు కడగడానికి లేచాడు.

డిండి, దేవరకొండ, మల్లేపల్లి. ఎర్ర నేల, గుండ్రాళ్ళ గుట్టలు, పత్తి ఏరుతున్న ఆడవాళ్ళు, ఎదురుగాలి. ఈ రెండు రోజుల గురించి గుర్తున్నది పంక్చరు మాత్రమే. రోడ్డు పక్క నీడ కోసమని సర్కారు తుమ్మ కిందికి పోవడం నా తెలివితక్కువ. ముందు చక్రంలో రెండు, వెనక చక్రంలో మూడు ముళ్ళు. దగ్గర్లోని పంక్చరు షాపు దాకా తోసుకుంటూ పోతే, అతను ట్యూబు బయటికి లాగి వాల్వును వెలుతురుకు పట్టి చూశాడు.

"గిదేం వాల్వు సార్, దోమ మూతి లెక్కుంది."

అతని గాలి మిషను గొట్టం దానికి పట్టలేదు. సొల్యూషన్ రాసి అతుకులు వేసింది అతను, చేతి పంపుతో గాలి కొట్టింది నేను. నూటికి పైగా దెబ్బలు. చుట్టూ చేరిన పిల్లలు లెక్కపెట్టారు. అయిదు అతుకులకు డబ్బులు తీసుకుని, దోమ మూతితో పడ్డ తిప్పలకని ఇంకో పది రూపాయలు అడిగి తీసుకున్నాడు. న్యాయమే.

నాగార్జునసాగర్ ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. కట్టేలోగా నాగార్జునకొండ లోయలో తవ్వకాలు జరిపి, దొరికినవాటిని కొండ పైభాగానికీ, అనుపు అనే చోటికీ చేర్చారు. ఆ పైభాగం ఇప్పుడు ద్వీపం. అదంతా పర్యాటకులు చూస్తారు. నేను వెతికింది ఏలేశ్వరాన్ని, ఈశాన్య ఉపద్వారాన్ని. అది నీళ్ళ కింద ఉంది. ఒడ్డున నిలబడి ఫలానా వైపని చేయి చూపించగలిగినవాడు కూడా నాకు దొరకలేదు. ద్వారాల లెక్కలో ఒకటి తగ్గింది.

మాచర్ల నుంచి గాలి నా వైపు తిరిగింది. రోడ్డు దక్షిణానికి వంగడమే కారణం గానీ, ఆ సంతోషంలో కారణాలు ఎవడిక్కావాలి. గేరు పెంచి పాట పాడుకుంటూ పోయాను. కళ్ళాల్లో మిర్చి ఎండబోశారు. దూరానికి నేల మీద ఎర్ర దుప్పటి పరిచినట్టు అందంగా ఉంటుంది. సైకిలు మీద పక్కనుంచి పోతే తుమ్ములు. ఆ రోజు రాత్రి లాడ్జిలో బనీను విప్పి విదిలిస్తే మళ్ళీ తుమ్ములు. యర్రగొండపాలెం దాటే దాకా ముక్కు పనిచేయలేదు.

త్రిపురాంతకంలో గుట్ట మీద స్వామి, కింద చెరువులో అమ్మవారు. బాలాత్రిపురసుందరి గుడి చుట్టూ కదంబ చెట్లు ఉన్నాయి. పైన త్రిపురాంతకేశ్వరుడి గుళ్ళో కాకతీయుల నాటి శాసనాలు ఉన్నాయి. ఇక్కణ్ణుంచి శ్రీశైలానికి బిల మార్గం ఉందని అందరూ చెబుతారు. దాని మీద నాకు నమ్మకం ఉందా లేదా అన్నది పక్కన పెడితే, ఈ కొండ కింద సొరంగం అనే ఊహ ఇక్కడివాళ్ళకు ఎంత పాతదో చూడండి. ఇంజనీర్లు చాలా ఆలస్యంగా వచ్చారు.

సత్రం అరుగు మీద పడుకున్నాను. తెల్లవారి లేచి చూస్తే సూర్యుడు సూటిగా కొండ ముఖం మీద పడుతున్నాడు. అప్పటిదాకా నల్లగీతగా ఉన్నది పొరలు పొరలుగా, మడతలు మడతలుగా, రాళ్ళు లెక్కపెట్టేంత స్పష్టంగా విడిపోయింది. తూర్పు వైపు నుంచి నల్లమలను పొద్దున్నే చూడాలి. సాయంత్రం అయితే ఆ కొండే ముందుగా వచ్చి ఎండను మడిచి పెట్టేస్తుంది. లాడ్జి చేరడానికి నేను వేసుకున్న లెక్క ప్రతిరోజూ అరగంట తప్పింది.

మార్కాపురం అంటే పలకలు. నా తరం వాళ్ళందరం అ ఆలు దిద్దింది ఈ నేల మీదనే అనవచ్చు. కోట్ల ఏళ్ళ కిందట బురదగా పేరుకుని, కొండలు ముడుచుకున్నప్పుడు ఒత్తిడికి గట్టిపడి, రేకులు రేకులుగా విడిపోయే రాయి. బడి పలక పోయి ప్లాస్టిక్కు వచ్చింది, తరవాత అదీ పోయింది. రాయి మాత్రం ఇళ్ళ గోడలకూ నేలకూ అతికించే బిళ్ళలుగా దేశాలు దాటి పోతోంది. ఊరి చివర రాళ్ళ ముక్కల గుట్ట మీద ఒక పలక ముక్క ఏరి సంచిలో వేసుకున్నాను. అది బరువని రెండు రోజుల తరవాత తెలిసింది.

ఇక్కడ నీళ్ళ ట్యాంకర్లు చాలా కనిపించాయి. కొండకు ఇది వాననీడ వైపు. నైరుతి మబ్బులు అవతలే ఖాళీ అయి వస్తాయి. కొండకు అవతల వందల అడుగుల లోతున కృష్ణ నిలిచి ఉంది, ఇవతల బిందెలు వరసలో నిలిచి ఉన్నాయి. ఆ నీళ్ళు తేవడానికే వెలిగొండ సొరంగాలు, ఒక్కొక్కటి 18 కిలోమీటర్లకు పైగా పొడవు. కొండను తొలిచే పని పూర్తయింది గానీ పొలానికి నీళ్ళు రావడం వేరే సంగతి. ఎన్నేళ్ళ నుంచి వింటున్నారని హోటల్లో ఒక పెద్దాయన్ని అడిగాను. ఆయన దోసె చుట్టుకుని నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలి, "మా మనవరాలి పెళ్ళి కూడా అయిందయ్యా" అన్నాడు. అచ్చంపేటలో విన్నదీ ఇదే కథ. ఒకే కొండకు అటొకటి ఇటొకటి, అవే నీళ్ళ కోసం.

కంభం చెరువు దగ్గర ఒక పూట ఆగిపోయాను. ఆగాలని అనుకోలేదు. కట్ట మీద సైకిలు స్టాండు వేసి కూచున్నవాణ్ణి లేవబుద్ధి కాలేదు. గుండ్లకమ్మ నల్లమల నుంచి దిగి, రెండు గుట్టల నడుమ ఇరుకు సందులోంచి బయటపడే చోటు చూసి, ఆ సందుకు కట్ట వేశారు. అంతే. కట్ట పొడవు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది, లోపలికి తిరిగి నీళ్ళు చూస్తే ఇంతా అనిపిస్తుంది. కృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని ఇక్కడివాళ్ళ నమ్మకం. కట్టించింది ఎవరైనా, చోటు వెతికిన మనిషి ఎవరో నాకు తెలుసుకోవాలనుంది. ఆ మనిషి కూడా ఈ కొండ అంచు పట్టుకుని నాలాగే తిరిగి ఉంటాడు, నాకంటే ఎక్కువ రోజులు.

గిద్దలూరు, కలసపాడు దాటి పోరుమామిళ్ళ చేరేసరికి చీకటి పడింది. పొద్దున్నే శాసనం చూడటానికి పోయాను. 1369లో విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఇక్కడ అనంతరాజ సాగరం తవ్వించి వేయించిన శాసనం. రోజుకు వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని అని అందులో ఉంది. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు చెప్పారు, ఉండకూడని ఆరు దోషాలు చెప్పారు. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు మధ్యలో తాబేటి వీపులా మిట్ట ఉండటం, నీరు ఎక్కువై పారకానికి నేల తక్కువవడం, నేల ఎక్కువై నీరు తక్కువవడం. ఇవి అయిదు. ఆరోది: రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం.

అక్కడే నిలబడి నవ్వాను. వారం రోజులుగా నేను తిరుగుతున్నది ఈ దోషాల చుట్టూనే. నీరు ఎక్కువైన అలంపురం వెనకుంది, నేల ఎక్కువైన మార్కాపురం నిన్ననే దాటాను. శ్రీశైలం, సాగర్ రెండూ ఇవాళ రెండు రాష్ట్రాల సరిహద్దు మీద ఉన్నాయి, ఏ గేటు ఎవరెత్తాలో తేల్చుకోవడానికి ఒక్కోసారి పోలీసులు కూడా వెళ్ళారు. 650 ఏళ్ళ కిందటే రాయి మీద చెక్కి పెట్టారు. అయినా ఈ దోషాలు మిగిలింది చదివినవాళ్ళు లేక కాదు. ఈ చెరువునూ, కంభం చెరువునూ, కర్నూలు కడప కాలువనూ 2020లో ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడాలుగా గుర్తించారు. మూడూ ఈ కొండ పాదాల దగ్గరివే.

బద్వేలు దాటాక లంకమల. చిట్టడవి, ముళ్ళ పొదలు, మధ్య మధ్య బోడి నేల. కలివికోడి ఉండేది ఇట్లాంటి చోటే. 1900 తరవాత ఎవరికీ కనిపించక, ఇక లేదనుకున్న పిట్ట 1986లో ఈ చుట్టుపక్కల రెడ్డిపల్లి దగ్గర మళ్ళీ దొరికింది. దాని కోసమే ఇక్కడ అభయారణ్యం పెట్టారు, దాని కోసమే తెలుగుగంగ కాలువ దారి మళ్ళింది. రాత్రిపూట తిరిగే పిట్ట కనుక నాకు కనిపించే ఆశ లేదు. అయినా ఒక గంట సేపు పొదల్లోకి చూస్తూ తొక్కి, రోడ్డు మీది గుంత చూడక ఎగిరి పడ్డాను. మోకాలు గీసుకుంది, పలక ముక్క రెండు ముక్కలైంది.

సిద్ధవటం నాలుగు ద్వారాల్లో అసలైన ద్వారం నాకు కనిపించిన ఒకే ఒక ఊరు. పెన్న ఒడ్డున మట్లి రాజుల కోట, దానికి నిజంగానే పెద్ద వాకిలి. చిన్నప్పటి ఊహలోని ఇత్తడి బొడిపెలు లేవు గానీ, సైకిలు దిగి ఆ వాకిట్లోంచి నడిపించుకుంటూ పోతుంటే ఒక పాత బాకీ తీరినట్టయింది. పెన్నలో ఇసుక మేటల మధ్య సన్నటి పాయ పారుతోంది. నల్లమల ఇక్కడికి పలచబడి, పాలకొండలకూ లంకమలకూ కొనసాగింపు అప్పజెప్పి తప్పుకుంటుంది. ఈ గడపలో నిలబడి ఉత్తరాన శ్రీశైలం ఉందంటే నమ్మడానికి కొంచెం కష్టపడాలి. నడిచి పోయేవాళ్ళకు ఎన్ని రోజులు పట్టేదో!

కడపలో కారం దోసె తింటుంటే సర్వరు కుర్రాడు బయట గోడకు ఆనించిన సైకిలునూ, నా కట్టు కట్టిన మోకాలినీ మార్చి మార్చి చూశాడు.

"యాటికి పోతాండావ్ నా?"

"నంద్యాల."

"సైకిల్లోనా? బస్సుకు లెక్క ల్యాకనా?"

లెక్క అంటే డబ్బు. జాలిపడి చట్నీ రెండోసారి నిండుగా వేశాడు. నేను కాదనలేదు.

పుష్పగిరికి పక్కదారిన పోయి వచ్చి, మైదుకూరు మీదుగా ఉత్తరానికి తిరిగాను. మళ్ళీ ఎదురుగాలి. ఇప్పుడు కొండకు పడమటి వైపున్నాను కనుక పొద్దున ఆలస్యంగా తెల్లవారుతోంది. తూర్పున పోగొట్టుకున్న అరగంట సాయంత్రాలు ఇక్కడ తిరిగి వస్తోంది. నేల నల్లబడింది. ఒక పక్క శనగ, ఒక పక్క కాలువ కింద వరి. తుంగభద్ర నీళ్ళను సుంకేశుల నుంచి కడప దాకా తెచ్చిన కాలువ ఇది. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ పడవలు కూడా నడపాలని తవ్వించి నష్టపోయింది. కంపెనీ లేదు, పడవలు లేవు, వరి ఉంది.

చాగలమర్రి దాటాక లోపలి ఊళ్ళ దారి పట్టడం ఈ యాత్రలో నేను చేసిన తెలివైన పనుల్లో ఒకటి. ఒక ఊరి మొదట్లోనే సైకిలు దిగాల్సి వచ్చింది. ఇళ్ళకు కొత్త సున్నం, వాకిళ్ళలో సంక్రాంతికి వేసినంత ముగ్గులు, వీధి నిండా చుట్టాలు. అహోబిలం నరసింహస్వామి పారువేటకు వచ్చాడు. కనుమ నాడు బయల్దేరి, జ్వాలా నరసింహుడూ ప్రహ్లాదవరదుడూ ఒకే పల్లకిలో నలభై రోజులకు పైగా ముప్పైకి మించిన ఊళ్ళు తిరుగుతారు. ఫాల్గుణంలో జరిగే తన పెళ్ళికి జనాన్ని స్వామే స్వయంగా పిలవడానికి వస్తాడు. ఏ ఊరికి ఏ నాడు వస్తాడో ముందే తెలుసు, ఆ ఊరికి ఆ రోజే పెద్ద పండుగ. పల్లకి దించే అరుగును తెలుపు అంటారు. తెలుపు చుట్టూ జనం, కొబ్బరికాయలు, తప్పెట్లు, పీచుమిఠాయి.

ఒక ముసలమ్మ నా సంచులు తడిమి ఏమమ్ముతావని అడిగింది. అమ్మడం లేదు, కొండ చుట్టూ తిరుగుతున్నానంటే నవ్వలేదు. ఆశ్చర్యపోనూ లేదు. "స్వామి తిరగల్యా?" అంది. "చెంచులక్ష్మి మాయమ్మ. ఆయప్ప మాకు అల్లుడు. పెండ్లికి పిలవనీకి ఇల్లిల్లూ తిరగాల గదా." యాత్ర మొదట్లో చెంచులు పల్లకి మీదికి బాణాలు వేస్తారని, అది అలిగిన బావమరుదుల మర్యాద అని కూడా ఆమే చెప్పింది. ఇన్ని రోజుల్లో నా పని మామూలు పనేనని ఒప్పుకున్న మొదటి మనిషి. పులిహోర పెట్టించి, నీళ్ళ సీసాలు నింపించి పంపింది. ఆ సాయంత్రం ఎదురుగాలిలో తొక్కుతూ లెక్క వేసుకున్నాను. స్వామికి నలభై రోజులు, నాకు పన్నెండు. ఆయనకు బోయీలున్నారు, పంక్చర్లు లేవు. లోపలే ఉండే దేవుడు ఏడాదికోసారి చుట్టూ తిరగడానికి బయటికి వస్తున్నాడు కదా, చుట్టూ తిరిగి లోపలికి రానివాణ్ణి అచ్చంపేట పెద్దమనిషి ఇప్పుడేమంటాడో అడగాలనిపించింది.

నంద్యాల, బండి ఆత్మకూరు, వెలుగోడు, ఆత్మకూరు. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి పోతూ ఈ పక్కలనే వచ్చాడు. ఆయనదీ పల్లకీయే. కర్ణాటక నుంచి ఉగాదికి నడిచి వచ్చే మల్లన్న భక్తులు ఇప్పటికీ ఈ వైపు నుంచే అడవిలోకి దిగి, నాగలూటి, పెద్దచెరువు మీదుగా భీముని కొలను చేరతారు. ఇంత రద్దీగా నడిచే దారికి నాలుగు ద్వారాల్లో చోటు దక్కలేదు. ఆత్మకూరు బస్టాండులో దోర్నాల బస్సు డ్రైవరు ఉగ్గాని తింటూ చెప్పాడు, రాత్రయితే అడవిలో గేటు వేస్తారని, పులుల కోసమని, తెల్లవారితే గానీ తీయరని. నాలుగు ద్వారాలు తిరిగి వచ్చాక మూసే తలుపు, కాపలావాడు ఇక్కడ ఉన్నట్టు తెలిసింది.

పదకొండో రోజు సంగమేశ్వరం. పన్నెండో రోజున నందికొట్కూరు, కర్నూలు మీదుగా అలంపురం చేరాను గానీ దాని గురించి రాయడానికి ట్రాఫిక్కు తప్ప ఏమీ లేదు. వాయవ్య ఉపద్వారం సంగమేశ్వరం. శ్రీశైలం నీళ్ళు నిలిచినప్పటి నుంచి ఏడాదిలో ఎక్కువ నెలలు గుడి నీళ్ళలోనే ఉంటుంది. వేసవికి ముందు నీరు దిగితే బయటికొస్తుంది, పూజారి వచ్చి పూజలు మొదలుపెడతాడు, మళ్ళీ వరద వస్తే ఆఖరి హారతి ఇచ్చి పడవెక్కుతాడు. గర్భగుడిలో లింగం వేపకొయ్యది. అన్నేళ్ళుగా నానుతూ ఎండుతూ ఉంది.

నేను పోయిన నాటికి నీళ్ళ మధ్య శిఖరం కొస మాత్రం ఉంది. దాని మీద ఒక నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. ఒడ్డున వల చిక్కులు తీస్తున్న ఆయన పక్కన సైకిలు పడుకోబెట్టి కూచున్నాను. అవతల, నీళ్ళకు కుడివైపు, అదే నల్లటి గీత.

"గుడి సూడల్లంటే శివరాత్రి దాటినంక రాండి సార్" అన్నాడు. "ముందు నీళ్ళు దిగల్ల. దిగినాక బురద. అది ఎండనీకి పది దినాలు. సైకిల్లో వస్తిరంటే మునుగుతాది."

వల పక్కన పెట్టి, వంగి ముందు చక్రాన్ని బొటనవేలితో నొక్కాడు.

"గాలి తగ్గిండాది సూసుకోండి."

సంచిలోంచి పంపు తీశాను.